కనిపించని మచ్చ

మెట్టసీమలో పుట్టి పెరిగినవారికి రొయ్య అంతగా పరిచితమైన జీవి కాదు. చంద్రశేఖరపురం, గిద్దలూరు ప్రాంతాల రైతు వానకోసం మబ్బులకేసి చూస్తాడు. అదే ప్రకాశం గడ్డకు తూర్పున, కొత్తపట్నం తీరాన, రొయ్యల రైతు రేయింబవళ్ళు చెరువు నీటిని కనిపెట్టుకొని ఉంటాడు. ఇద్దరి గుండెల్లోని గుబులు ఒక్కటే.

1990 దశకం ఆరంభంలో మన కోస్తా అంతటా టైగర్ రొయ్యల పెంపకం వెల్లువలా సాగింది. వరి పండని చవిటి నేలలు సైతం చెరువులయ్యాయి. 1994-95లో ఆ సంబరం మీద పిడుగు పడింది. మేతకు ఎగబడే రొయ్యలు హఠాత్తుగా మేత మాని, నీరసించి గట్టు అంచులకు చేరేవి. ఒంటిపై ఎర్రదనం, పెంకుపై తెల్లని చుక్కలు కనిపించేవి. మూడు నుంచి పది రోజులలో చెరువు చెరువంతా తుడిచిపెట్టుకుపోయేది. అప్పు తెచ్చి మేత కొన్న రైతుకు కుళ్ళిన రొయ్యల కుప్పలే మిగిలాయి. అదే తెల్లమచ్చల వ్యాధి. 1992 ప్రాంతంలో తైవాన్, చైనాలలో బయటపడి ఆసియా తీరాలకు పాకిన వైరస్ దీనికి మూలం. ('వైరస్' అనే లాటిన్ మాటకు విషమని అర్థం. మన 'విష' శబ్దానికి అది తోబుట్టువని భాషావేత్తలు చెబుతారు.) ఇది మనుషులకు సోకదు. రొయ్యకు మాత్రం మందు లేదు.

ఇంతటి విపత్తు చెరువులోకి ఎలా వచ్చింది? ఆ రోజులలో హేచరీలు సముద్రంలో పట్టిన తల్లి రొయ్యలనుండే పిల్లలను తీసేవి. కడలిలో పెరిగినది ఆరోగ్యంగా ఉంటుందని చాలామంది నమ్మిక. కాని వలలో పడిన రొయ్యలలోను, పీతలలోను ఆ వైరస్ ఉన్నట్లు పరీక్షలలో తేలింది. మచ్చ ఉండదు, నీరసం ఉండదు. వైరస్ మాత్రం లోలోపల నక్కి ఉంటుంది. గుడ్లు పెట్టే వేళ తల్లి శరీరం అలసినప్పుడు అది విజృంభించి పిల్లలకు సంక్రమిస్తుంది.

చెరువులో వ్యాధి ఎక్కువ, సముద్రంలో తక్కువ అని లెక్కలు చెప్పినపుడు మనం కొంచెం ఆగి ఆలోచించాలి. కడలిలో జబ్బుపడిన రొయ్యను చేపలు మింగివేస్తాయి. అది వలకూ చిక్కదు, లెక్కకూ చిక్కదు. కిక్కిరిసిన చెరువులోనైతే చచ్చినదానిని తోటి రొయ్యలే తిని రోగం తెచ్చుకుంటాయి.

పరీక్షించే సంఖ్య కూడా ముఖ్యమే. నూటికి రెండు పిల్లలలో వైరస్ ఉన్నదనుకుందాం. పది పిల్లలను మాత్రమే పరీక్షిస్తే, అయిదుసార్లలో నాలుగుసార్లు రోగం లేదనే ఫలితమే వస్తుంది. నూటికి తొంభై అయిదు పాళ్ళు నమ్మకంగా పట్టుకోవాలంటే దాదాపు 150 పిల్లలను పరీక్షించాలి. సీడు కొనే రైతుకు ఈ చిన్న గణితం ఒక పంట విలువ చేస్తుంది.

2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించింది. విదేశాలనుండి వచ్చే తల్లి రొయ్యలను చెన్నైలోని నీలాంకరై కేంద్రంలో వేరుగా ఉంచి, పరీక్షించి హేచరీలకు ఇచ్చే పద్ధతి ఏర్పడింది. అయితే రోగం లేని పిల్ల రోగం రాని పిల్ల కాదు. పీత గట్టు దాటి రావచ్చు, పక్షి చచ్చిన రొయ్యను పక్క చెరువులో జారవిడవవచ్చు. అందుకే గట్టు చుట్టూ వల కడతారు, నీటిపైన తాళ్ళు లాగుతారు. జబ్బు తగిలిన చెరువు నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయకుండా ఎవరైనా రాత్రికి రాత్రే కాలువలోకి వదిలితే, తెల్లవారి అదే కాలువనుండి నీరు తోడుకొనే పొరుగు రైతుకు ఆ సంగతి తెలియదు.