ఎడారి నగరానికి ప్రయాణం : మూడు మాటల వివరణ

తెలుగులో ప్రయాణాన్ని తెలిపే మాటలు అనేకం ఉన్నవి. అయినను విహారం, యాత్ర, వలస అనే మూడింటికి గల భేదం చదువు రానివారికి కూడా స్పష్టమే. ఉర్దూలో సియాహత్, జియారత్, హిజ్రత్ అనే పదాలు దాదాపు ఈ భేదాన్నే పాటిస్తాయి. సఫర్ అన్నది మూడింటికీ చెల్లే సామాన్య పదం. మా ఉంగుటూరు మామిడితోటల నడుమ నుండి గన్నవరం చేరి విమానమెక్కే మనిషి ఈ మూడింటిలో దేనికి చెందుతాడన్నది కేవలం నిఘంటువు తేల్చే విషయం కాదు. అది అతని చేతిలోని వీసా కాగితం తేలుస్తుంది. దుబాయి నగరాన్ని ఉదాహరణగా గ్రహించి ఈ సంగతిని విద్యార్థుల ముందుంచ దలచినాము.

మొదట మార్గాన్ని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆ తీరానికి విమానం కంటె ముందే ఓడ చేరినది. బొంబాయి రేవు నుండి బియ్యం, బట్టలు అక్కడికి పోయేవి. మన రూపాయే అక్కడ చెలామణి అయ్యేది. 1959లో రిజర్వుబ్యాంకు గల్ఫు ప్రాంతానికై ప్రత్యేకంగా నోట్లు అచ్చువేయగా, 1966లో రూపాయి విలువ తగ్గింపుతో ఆ అధ్యాయం ముగిసినది. లండను నుండి ఇండియాకు వచ్చే విమానాలు ఆగుటకై 1932లో షార్జాలో మైదానం, విశ్రాంతి గృహం ఏర్పడినవి. దుబాయి తన విమానాశ్రయాన్ని 1960లో తెరచినప్పుడు అక్కడి రన్‌వే గట్టిగా అణచిన ఇసుకయే. తారురోడ్డు వంటి రన్‌వే 1965లో గాని అమరలేదు. నేటి ఆకాశహర్మ్యాలను చిత్రాలలో చూచి అవి అనాదిగా ఉన్నవని భ్రమించే వారు ఈ తేదీలను గుర్తుంచుకొనుట మంచిది. మన తాతల కాలంలో అది ముత్యాలు, చేపలు, వర్తకం మీద బ్రతికిన రేవు పట్టణం.

గన్నవరం కథ మరియొక తీరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టిన ఆ మైదానం నుండి 2022 అక్టోబరులో షార్జాకు నేరుగా విమానం బయలుదేరినది. 2023లో హజ్ యాత్రికులు మొదటిసారిగా అక్కడి నుండియే పయనించినారు. అనగా విహారి, యాత్రికుడు, వలస కూలీ ఒకే ద్వారం గుండా సాగిపోయినారు. షార్జాలో దిగినవారు దుబాయికి రోడ్డు మార్గాన పోవలెను. రద్దీ లేని వేళ అరగంట ప్రయాణం, రద్దీ వేళ దాని సంగతి చెప్పనలవి కాదు. అబూధాబి నుండి వచ్చువారికి సుమారు 140 కిలోమీటర్ల విశాలమైన రోడ్డున్నది. ఒకప్పుడు ఒంటెలు నడచిన ఇసుక మీద అది పరచబడినది.

గడియారం విషయం భూగోళ విద్యార్థులకు ఉపయోగించును. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఆ రేఖ మన కాకినాడ సమీపాన పోతుంది. దుబాయి కాలం 60 డిగ్రీల రేఖకు సంబంధించినది. భేదం 22½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గంటన్నర. మన ఇంట మగరిబ్ నమాజు ముగిసి, తల్లి ఫోను చేతబట్టి కూర్చున్నప్పుడు అక్కడి కుమారుడు ఇంకా పనిలోనే ఉండవచ్చును.

విహారికి ఆ నగరం నవంబరు మొదలు మార్చి వరకు ఆహ్లాదకరం. కార్మికునికి సంవత్సరమంతా అదే నగరం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రపు తేమ దానికి తోడు. అందుచేతనే జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 మొదలు 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం నిబంధన విధించినది. (మామిడిలోనూ ఇట్టి భేదమున్నది. బంగినపల్లి దూరప్రయాణం సహిస్తుంది, చిన్నరసం సహించదు.)

ఇక అసలు విషయం. విహారానికిచ్చే వీసాపై పని చేయుట అక్కడ నేరం. "ముందు విజిట్ వీసా మీద పోండి, తరువాత మార్పించెదము" అని చెప్పే ఏజెంటు విహారమనే మాటను వలసకు తగిలించుచున్నాడు. వీసా గడువు తీరినవాడు వైద్యశాలకు పోవుటకు కూడా జంకుతాడు. అట్టివారు దండుగ లేకుండ తిరిగిపోవుటకో, పత్రాలు సరిచేసికొనుటకో 2018లోను, మరల 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకును అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటింపవలసి వచ్చినది.

చదువుకున్నవారు ఇట్లు మోసపోరని పాలకవర్గంలోని పెద్దలు తలంచవచ్చును. మా అభిప్రాయం వేరు. 1983 నాటి వలస చట్టం ప్రకారం, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు ఉద్యోగానికై అట్టి దేశాలకు పోవలెనంటే వలస సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. అతని ఒప్పందాన్ని అక్కడ పరిశీలిస్తారు; 10 లక్షల రూపాయల ప్రమాద బీమా తప్పనిసరి. పదవ తరగతి ముగించిన మన విద్యార్థికి ఆ తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు లభిస్తుంది. గౌరవమే. కాని అతని కాగితాన్ని చూచేవారెవ్వరు? అతడే చూచుకొనవలెను.

చూడవలసినవి ఎక్కువ లేవు. ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదా? అతడు 30,000 రూపాయలు, దానిపై పన్నుకు మించి అడుగుచున్నాడా? అట్లడిగినచో చట్టం దాటినవాడే. అక్కడి 2021 నాటి కార్మిక చట్టం నియామకపు ఖర్చును కార్మికుని నుండి రాబట్టరాదని స్పష్టంగా చెప్పుచున్నది. ఉద్యోగ ప్రతిపాదన పత్రం అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికునికి తెలిసిన మూడవ భాషలోను ఇవ్వవలెను; ఆ భాషలలో ఉర్దూ ఒకటి. పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకొనుటకు హక్కు లేదు.

ఈ చివరి సంగతులను బట్టి పాలకవర్గం వారికి ఒక మనవి. మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే వరండాలో కూర్చుంటారు. వారానికొక సాయంత్రం గ్రంథాలయంలో ఒక బల్ల, ఇద్దరు విద్యార్థులు, ఒక కంప్యూటరు చాలును. ఆ పత్రం ఉర్దూ ప్రతిని ఒకరు చదివి తెలుగులో వినిపించవచ్చును. ఏజెంటు పేరును మరియొకరు జాబితాలో వెదకవచ్చును. చుట్టుప్రక్కల గ్రామాలవారు మామిడి కోతలు ముగిసిన తరువాత వచ్చుటకు వీలుగా, జూలై నుండి ఆరంభింపవచ్చునని మా సూచన.