బెల్ ఎయిర్‌కు వెలకట్టుట

ప్రశ్న: అమెరికాలో 1957 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కార్లు రెండు చూచితిని. ఒకటి కొత్త రంగుతో మెరయుచున్నది. రెండవది రంగు వెలసినది, వెల తక్కువ. ఏది కొనవలెను?

జవాబు: వెనుక రెక్కలతోను, క్రోమియపు తళుకులతోను యుద్ధానంతర అమెరికా సంపదకు ప్రతీకయైన ఈ కారును, బాల్యమున తండ్రి ప్రక్కన కూర్చుండి అందు విహరించినవారే పెద్దవారై, ధనము చేతికందిన పిదప వెదకి కొనుటచేత, దీని ఆకర్షణకు స్మృతియే ప్రథమ కారణమైనది. వెలను నిర్ణయించునది మాత్రము ప్రామాణికత. డ్రైవరు వైపు తలుపు తెరచి, కీలుస్తంభముపైనున్న రేకును చదువుడు: సంఖ్య ‘వి.సి. 57’ అని మొదలైనచో అది ఎనిమిది సిలిండర్ల ఇంజనుతోనే పుట్టినది. ముందు ‘వి’ లేనిచో ఆరు సిలిండర్లది, తరువాత ఎవరెంత పెద్ద ఇంజను బిగించినను అసలుదానితో సమానమైన వెల పలుకదు. రెండు తలుపులవి నాలుగు తలుపులవానికన్న ప్రియము. మడుపుకప్పువి మరింత ప్రియము. ఇంధనమును చిమ్ము 283 అశ్వశక్తుల ఇంజను అసలుదైనచో దాని అరుదుతనమే దాని ధర.

ఇక త్రుప్పు! శీతకాలమున రోడ్లపై ఉప్పు చల్లు ఉత్తర రాష్ట్రములలో తిరిగిన బండి అడుగురేకు తినివేయబడి, పైకి నవనవలాడుచుండవచ్చును. పలుచని అయస్కాంతమును తలుపుల క్రిందియంచుల వెంబడి నడిపింపుడు. అది అంటుకొననిచోట రంగు క్రింద లప్పమున్నదని గ్రహింపుడు. తివాచీ ఎత్తి చూడుడు. అడుగు గట్టిగానున్న పక్షమున, నేను నిస్సంకోచముగా ఆ వెలసిన బండినే కొందును. అమ్మువాడు అడుగుభాగము చూపుటకు వెనుదీసినచో ఆ బేరము విడిచిపెట్టుడు.