అలాస్కా నదిలో గాలం వేయడానికి ఏ నెల మంచిది?

గోదావరికి వరద నీరు తగలగానే సముద్రం నుంచి పులస ఎదురీదుతూ వస్తుందని మనందరికీ తెలుసు. సముద్రంలో ఉన్నప్పుడు దానినే విలస అంటారు. జూలై నుంచి సెప్టెంబరు వరకే దాని సందడి. ఆ తరువాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు. భూగోళానికి ఉత్తర కొసన ఉన్న అలాస్కాలో పులసకు బదులు సాల్మన్ అనే చేప ఇలాగే వస్తుంది. చేపల వేట మన జాలరి కుటుంబాలకు బ్రతుకుతెరువు. అక్కడికి వచ్చే యాత్రికులకు అది క్రీడ. వేల డాలర్లు ఖర్చుపెట్టి వస్తారు కనుక ఏ నెలలో రావాలన్నది వారికి చిన్న ప్రశ్న కాదు.

అలాస్కాను అమెరికా 1867లో రష్యా నుంచి కొన్నది. అక్కడి కెనై నది సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయలో కలుస్తుంది. మన నదులు వానలకు పొంగితే, ఇది ఎండలకు హిమానీనదాలు కరిగి పొంగుతుంది. అందుకే జూలై, ఆగస్టు నెలల్లో నీరు ఎక్కువ. జూన్ చివర పగలు దాదాపు 19 గంటలు ఉంటుంది. రాత్రి పది గంటలకు కూడా గాలం వేయవచ్చు! అయితే జూన్, జూలైలలో దోమలు మన ఊరి దోమలను మరిపిస్తాయి.

వాతావరణం చూసి నెల నిర్ణయించుకుంటే సరిపోదు. ముందు ఏ చేప కావాలో నిర్ణయించుకోవాలి, అప్పుడు నెల దానంతట అదే తేలుతుంది. ఎందుకంటే సాల్మన్ ఏడాది పొడవునా నదిలో ఉండదు. సముద్రంలో పెరిగి, తాను పుట్టిన నీటి వాసనను గుర్తుపట్టి తిరిగి వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతుంది.

సాకై అనే ఎర్ర సాల్మన్ రెండు విడతలుగా వస్తుంది. మొదటి విడత జూన్‌లో రష్యన్ రివర్ అనే ఉపనది వైపు వెళుతుంది. రెండవది చాలా పెద్దది. జూలై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం వరకు పది లక్షలకు పైగా చేపలు వచ్చిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి. ఒడ్డున మనుషులు కూడా భుజం భుజం తగిలేలా నిలబడతారు. నదిలోకి వచ్చిన సాకై మేత మానేస్తుంది కనుక ఎర చూపితే ఆశపడదు. కోహో అలా కాదు, ఎర మీద విరుచుకుపడుతుంది. అది వచ్చేది ఆగస్టు, సెప్టెంబరులలో. పింక్ సాల్మన్ సంగతి మరీ విచిత్రం. దాని ఆయువు సరిగ్గా రెండేళ్లు. అందువల్ల కెనైలో సరి సంవత్సరాలలో గుంపులుగా వస్తుంది, బేసి సంవత్సరాలలో అంతగా కనిపించదు.

రెయిన్‌బో ట్రౌట్ నదిలోనే ఉండే చేప. వసంతంలో అది గుడ్లు పెట్టే సమయంలో ఎగువ కెనైలో వేట మూసివేస్తారు. ఆగస్టు చివరి నుంచి సాల్మన్ గుడ్లు తిని బాగా బలుస్తుంది. నన్నడిగితే ఆగస్టు చివరి వారాలే మేలంటాను. కోహో మొదలవుతుంది, ట్రౌట్ బలంగా ఉంటుంది, దోమలు తగ్గుతాయి. వాన కోటు మాత్రం తప్పనిసరి.

ఇక అన్నిటికన్నా పెద్దది కింగ్ సాల్మన్. 1985 మే నెలలో ఈ నదిలోనే 44 కిలోల కింగ్ గాలానికి చిక్కింది. గాలానికి పడిన కింగ్‌లలో ప్రపంచ రికార్డు అదే. ఆ పేరు విని మే నుంచి జూలై వరకు జనం వచ్చేవారు. తరువాతి కాలంలో కింగ్‌లు బాగా తగ్గిపోయాయి. సముద్రంలో వచ్చిన మార్పులు ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కెనై ప్రధాన నదికి అడ్డంగా, మన ధవళేశ్వరం వద్ద ఉన్నట్లు, ఆనకట్ట కూడా లేదు. అయినా తగ్గాయి. 2023, 2024 సంవత్సరాలలో కెనైలో కింగ్ వేటను పూర్తిగా మూసివేశారు. పాత పుస్తకాలలోని నెలల పట్టిక నమ్మి కింగ్ కోసం వెళ్లినవారికి ఆ రెండేళ్లూ నది చూడటమే మిగిలింది.

అందుకే ఇప్పుడు వెళ్లేవారు క్యాలెండర్‌తో పాటు ప్రభుత్వ మత్స్యశాఖ లెక్కలు కూడా చూస్తారు. నీటిలోకి శబ్ద తరంగాలు పంపే సోనార్ యంత్రంతో ఎన్ని చేపలు ఎగువకు వెళ్లాయో లెక్కించి, వేసవిలో రోజూ ప్రకటిస్తారు. తగినన్ని రాకపోతే సీజన్ మధ్యలోనైనా ఉత్తర్వు ఇచ్చి వేట ఆపేస్తారు. కింగ్ వేట మూసి ఉన్నప్పుడు, సాకై కోసం వేసిన గాలానికి కింగ్ తగిలినా, దానిని నీటిలో నుంచి పైకి ఎత్తకుండానే కొక్కెం విప్పి వదిలివేయాలి.