పుస్తకం తెరిచే ముందు

చి. సౌ. ప్రసన్నకు అత్తయ్య దీవించి రాయునది.

రెండో తరగతి పిల్లల చేత కీటకాల పుస్తకం చదివించాలనుకుంటున్నాను, ముందుగా ఏమేం చెప్పాలి అని అడిగావు. చెప్పడం తగ్గించి చూపించడం పెంచమ్మా. పుస్తకంలో ఉన్నదంతా నువ్వే ముందు ఏకరువు పెడితే ఇక వాళ్ళకి దానితో పనేముంటుంది? తెలుసుకోవాలన్న ఆత్రం పుట్టాకే చేతికివ్వు.

మీ బడి దగ్గర కరివేపాకు చెట్టో నిమ్మచెట్టో ఉండే ఉంటుంది. ఆకు మీద పిట్టరెట్టలా ఏదైనా కనిపిస్తే వంగి చూడండి. చాలాసార్లు అది గొంగళిపురుగే. పిట్టలు రెట్ట అనుకుని వదిలేస్తాయి, దాని ప్రాణానికి అదే రక్ష. పెరుగుతూ, కుబుసం విడుస్తూ, చివరికి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు గడ్డిపరకతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజో ఎరుపో రంగు కొమ్ములు రెండు చటుక్కున బయటికొస్తాయి, ఘాటు వాసన కొడుతుంది. ఆకుతో సహా తెచ్చి వెడల్పాటి సీసాలో పెట్టి, ఒక పుల్ల నిలబెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టు. అది తిండి మానేసి పుల్లకి అంటుకుని ప్యూపా అయిననాడు, ఆ మాటకి నువ్వు అర్థం చెప్పక్కర్లేదు. రెక్కలతో బయటికి రావడానికి వారం పది రోజులో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. ఆ ఎదురుచూపులోనే పుస్తకం మొదలుపెట్టు. ఒళ్ళంతా నూగున్న గొంగళిపురుగుల్ని మాత్రం ముట్టుకోనివ్వకు, దద్దుర్లు లేస్తాయి.

జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి పడ్డ నేల మీద ఆరుద్ర పురుగులు మఖమల్ ముక్కల్లా ఎర్రగా తిరుగుతుంటాయి. పిల్లల చేత కాళ్ళు లెక్కపెట్టించు. చీమకీ మిడతకీ బొద్దింకకీ ఆరేసి, సాలీడుకి ఎనిమిది. ఆరుద్ర పురుగుకీ ఎనిమిదే. అంటే అది కీటకాల జట్టులోది కాదు, సాలీడు, తేలు బంధువు. ఈ సంగతి నువ్వు బయటపెట్టకు. ఆరు కాళ్ళవి ఒక వరసలో, ఎనిమిది కాళ్ళవి ఒక వరసలో బొమ్మలు గీయించి ఊరుకో. మరి గొంగళిపురుగుకి అన్ని కాళ్ళెందుకున్నాయని ఎవరో ఒకరు అడుగుతారు. ముందున్న మూడు జతలే అసలైనవి, వెనకవి సీతాకోకచిలుక అయ్యాక ఉండవు. ఆ ప్రశ్న బోర్డు మీద రాసి ఉంచు, అంతే.

బోర్డు అన్నాను కదా, దాన్ని మూడు గళ్ళు చెయ్యి: మాకు తెలిసింది, తెలుసుకోవాలనుకుంటున్నది, చదివాక తెలిసింది. అమెరికాలో డోనా ఓగల్ అనే ఆవిడ 1986లో ఈ పద్ధతిని ప్రచురించింది. మన పిల్లలకీ బాగా అతుకుతుంది. మొదటి గడిలో వాళ్ళేం చెప్పినా రాసెయ్యి. కందిరీగ పురుగుని తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ ఝుంకారం చేసి తనలాంటి కందిరీగని చేస్తుందని మా నాయనమ్మ చెప్పింది అంటాడు ఒకడు. భ్రమరకీటన్యాయం తరతరాలుగా మన ఇళ్ళలో వింటున్నదే. వాణ్ణి అక్కడికక్కడ తప్పనకు. పురుగుని కుట్టి కదలకుండా చేసి తన పిల్లకి తిండిగా దాచిపెడుతుందన్నది కందిరీగ పేజీలో తగిలితే, మొదట లేచి చెప్పేది వాడే.

ఇక పుస్తకం సంగతి. కథలా మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవక్కర్లేదని వాళ్ళకి తెలియాలి. విషయసూచికలో చీమ ఎక్కడుందో వెతికించి ఆ పేజీకే తీసుకెళ్ళు. బాణం గుర్తుల పక్క మాటలు వేలు పెట్టి చదివించు. పెద్దవాళ్ళకి తట్టని ఇబ్బంది ఇంకొకటుంది: అరచేయంత చీమ బొమ్మ చూసి, అంత చీమ నిజంగానే ఉంటుందనుకుంటారు చిన్నపిల్లలు. పేజీ మీద నిజం చీమని పాకనిచ్చి రెండూ పోల్చమను. కొత్త మాటలు నాలుగైదు చాలు. స్పర్శశృంగాలని చెప్పేముందు వాళ్ళు మీసాలంటే అననివ్వు.

భయపడే పిల్లని బలవంతపెట్టకు. సీసాకి దూరంగా కూర్చుని బొమ్మ వేసే పని దానికివ్వు.

సీసాలోని గొంగళిపురుగుకి, అది ఏ చెట్టు మీద దొరికితే ఆ చెట్టు ఆకులే రోజూ తాజాగా వెయ్యాలి. ఆదివారం ఎవరు వేస్తారో శనివారమే తేల్చుకో.

ఇట్లు,
అత్తయ్య