పాత లేతు మీద సన్న మర

ప్రశ్న: మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో మాకు చిన్న వర్క్‌షాపు ఉంది. పాత లేతు మీద 0.5 మి.మీ. పిచ్ మర కోస్తుంటే రెండో కోతకే చెడిపోతోంది. ఎందుకండీ?

జవాబు: మీ లీడ్ స్క్రూ అంగుళాల లెక్కదై ఉంటుంది. దాంతో మిల్లీమీటరు మర కోసేటప్పుడు హాఫ్ నట్ వదిలారంటే టూలు మళ్లీ అదే గాడిలో పడదు. కోత అవగానే టూలు బయటికి లాగి, మోటారు రివర్స్ తిప్పి క్యారేజీని వెనక్కి తెచ్చుకోండి. చక్ మరతో బిగించే రకమైతే జాగ్రత్త, రివర్స్‌లో ఊడొస్తుంది!

లీడ్ స్క్రూ అంగుళానికి 4 మరలదైతే, స్పిండిల్ వైపు 20 పళ్ల గేరు 127ను తిప్పాలి. 127 ఇరుసు మీదే ఉన్న 40, లీడ్ స్క్రూ మీది 80ని తిప్పాలి. మర లోతు మొత్తం 0.31 మి.మీ.యే, తొందరపడకండి.