ధాన్యం ఆరబెట్టడంలో గుప్తోష్ణ ప్రభావం

వరికోత యంత్రాల వినియోగం పెరిగిన తరువాత ధాన్యం పనలపై ఆరే అవకాశం లేకుండానే కళ్లానికి చేరుతున్నది. కోతనాటికి తరచుగా 20 శాతానికి మించి ఉండే తేమను కొనుగోలు ప్రమాణమైన 17 శాతానికి తగ్గించవలసిన భారం రైతుపైనే పడుతున్నది.

100 కిలోల ధాన్యంలో తేమ 22 శాతం ఉన్నదనుకొంటే అందులోని పొడి పదార్థం 78 కిలోలు. తేమ 17 శాతానికి దిగినపుడు ఈ 78 కిలోలే మొత్తంలో 83 శాతమవుతాయి. అనగా ధాన్యం బరువు సుమారు 94 కిలోలకు తగ్గుతుంది. తొలగవలసిన నీరు 6 కిలోలు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద కిలో నీరు ఆవిరిగా మారడానికి దాదాపు 2,430 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. ఆ లెక్కన 6 కిలోలకు 14,580 కిలోజౌళ్లు అవసరం. ధాన్యం విశిష్టోష్ణాన్ని కిలోకు, డిగ్రీకి 1.8 కిలోజౌళ్లుగా తీసుకొంటే, అదే ధాన్యాన్ని 30 నుండి 45 డిగ్రీలకు వేడిచేయడానికి 2,700 కిలోజౌళ్లు చాలు. గింజలో బంధితమై ఉన్న తేమను విడదీయడానికి పట్టే అదనపు శక్తిని ఇందులో చేర్చలేదు.

కావున గింజ వేడెక్కడం వేరు, ఆరడం వేరు. పైతడి ఉన్నంతవరకు గ్రహించిన ఉష్ణంలో అధికభాగం బాష్పీభవనానికే ఖర్చవుతుంది. గింజ అంతగా వేడెక్కదు. పైతడి తగ్గిన తరువాత లోపలి తేమ నెమ్మదిగా ఉపరితలానికి రావలసి ఉంటుంది. ఈ దశలో సిమెంటు కళ్లంపై మిట్టమధ్యాహ్నపు ఎండ తీవ్రంగా తగిలితే గింజ వెలుపలి, లోపలి తేమల మధ్య వ్యత్యాసం పెరిగి పగుళ్లు ఏర్పడతాయి. మరపట్టినపుడు నూక శాతం పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ధాన్యపు రాశిలో ఉష్ణవహనం చాలా తక్కువ. అందువల్ల మందంగా పోసినచోట పైపొర ఎండినా అడుగు తడిగానే మిగులుతుంది. పలుచగా పరచి తరచుగా తిరగవేయడం తప్పనిసరి.

రాత్రి కప్పే పట్టా విషయం మరింత శ్రద్ధ కోరుతుంది. వెచ్చని ధాన్యాన్ని వెంటనే బిగుతుగా కప్పితే, వెలువడిన ఆవిరి చల్లబడిన పట్టా అడుగున నీటిబిందువులుగా మారుతుంది. పగలు శ్రమించి తొలగించిన నీటిలో కొంత తిరిగి గింజపైనే పడుతుంది. శ్వాసక్రియ వల్ల రాశి వేడెక్కితే రంగు మారడం, బూజు, మొలకలు సంభవిస్తాయి. వర్షభయం లేనపుడు ధాన్యం చల్లారిన తరువాతే రాశిపోసి కప్పాలి. వర్షంలో తక్షణం కప్పక తప్పదు. అయితే వాన వెలిసిన వెంటనే పట్టా తొలగించి, దాని అడుగు తుడిచి, రాశిని విప్పి గాలి తగిలేలా పరచాలి. మబ్బు ఉన్నా ఈ పని వాయిదా వేయరాదు.