ఆరు రోజులా? కోట్ల ఏళ్లా?

సమస్య



నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మా నాన్నగారు ఒక చిన్న సంఘానికి పాస్టర్. సండే స్కూల్లోనే పెరిగాను, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అక్కడే పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ఈ వేసవి వెకేషన్ బైబిల్ స్కూల్లో సృష్టి పాఠం నాకిచ్చారు. ఆరు రోజుల బొమ్మలు గోడకు అంటించి చెబుతుంటే ఒక బాబు లేచి, "అక్కా, డైనోసార్లను దేవుడు ఏ రోజు చేశాడు? నోవహు ఓడలో అవి కూడా ఎక్కాయా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. తర్వాత చెబుతానని తప్పించుకున్నాను. ఆ సంగతి తెలిసి నాన్న, "భూమికి ఆరు వేల ఏళ్లని చెప్పడానికి నీకేం అడ్డొచ్చింది? చదువుకుని విశ్వాసం పోగొట్టుకుంటున్నావా?" అన్నారు.

మాకు క్లాసులో విటమిన్ సి జన్యువు గురించి చెప్పారు. మేక, కుక్క తమ ఒంట్లోనే ఆ విటమిన్ తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేం. దానికి కావలసిన జన్యువు మనలో చెడిపోయిన స్థితిలో ఉంది. చింపాంజీలోనూ అలాగే చెడిపోయి ఉంది. ఇద్దరికీ ఒకే మూలం లేకపోతే ఇదెలా సాధ్యం? కాదనలేకపోయాను.

హాస్టల్లో స్నేహితురాళ్లు, "ఇంత చదివి ఇంకా ప్రార్థనలేంటే?" అంటారు. కానీ ప్రార్థన చేసుకోకుండా నాకు నిద్ర పట్టదు. అక్కడా ఇక్కడా నటిస్తున్నట్టుంది. రెండింట్లో ఒకటి వదులుకోక తప్పదా?

— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

సలహా

అమ్మా, నేనూ సంఘంలో పెరిగినదాన్నే, పిల్లలకు జువాలజీ చెప్పినదాన్నే. అందుకే సూటిగా చెబుతున్నాను. నువ్వు దేవుణ్ణీ వదులుకోనక్కర్లేదు, జువాలజీనీ వదులుకోనక్కర్లేదు. వదులుకోవలసింది ఒక లెక్కను మాత్రమే.

ఆరు వేల ఏళ్లన్న సంఖ్య బైబిల్లో ఏ వచనంలోనూ లేదు. ఆదికాండంలోని వంశావళులను, రాజుల కాలాలను కూడి కొందరు పండితులు వేసిన లెక్క అది. వాళ్లలో అందరికీ తెలిసినవాడు ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని ఆయన 1650లో ప్రకటించాడు. రాళ్లలోని యురేనియం, సీసం పాళ్లను బట్టి వయసు కట్టే పద్ధతి ఆ రోజుల్లో లేదు. ఇప్పుడు ఉంది. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు.

ఆరు రోజులను మన రోజులుగా లెక్కపెట్టకూడదని మొదట అన్నది సైంటిస్టులు కాదు. డార్విన్‌కు పద్నాలుగు వందల ఏళ్ల ముందే సెయింట్ ఆగస్టీన్ ఆదికాండానికి వ్యాఖ్యానం రాస్తూ, ఇవి సూర్యుడి లెక్కన నడిచే మామూలు రోజులు కావన్నాడు. ప్రకృతి సంగతులు తెలిసిన అవిశ్వాసి ముందు క్రైస్తవుడు లేఖనాల పేరు చెప్పి తప్పుడు మాటలాడితే, పునరుత్థానం గురించి చెప్పినప్పుడు అతను ఎలా నమ్ముతాడని కూడా హెచ్చరించాడు.

ఆదికాండం మొదటి అధ్యాయం మళ్లీ చదువు. సూర్యుడు కనిపించేది నాలుగో రోజున. అంతకుముందే మూడు సాయంకాలాలు, మూడు ఉదయాలు గడిచిపోయాయి. రాసినవాళ్లకు ఆ మాత్రం తెలియదా? చుట్టుపక్కల రాజ్యాలన్నీ సూర్యచంద్రులకు మొక్కుతుంటే, అవి దేవుడు పెట్టిన దీపాలే తప్ప దేవుళ్లు కావని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఆ అధ్యాయం మనం ఎవరి వాళ్లమో చెబుతుంది. దాని దగ్గరికి వెళ్లి రాళ్ల వయసు అడగడం మన పొరపాటు.

ఇక నీ స్నేహితురాళ్లకు జార్జ్ లెమైటర్ గురించి చెప్పు. ఆయన బెల్జియం దేశపు కేథలిక్ ఫాదర్, భౌతిక శాస్త్రవేత్త. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కలు కట్టి చూపాడు. ఇవాళ బిగ్ బ్యాంగ్ అంటున్న సిద్ధాంతానికి బీజం వేసింది ఆయనే. 1951లో పోప్ పన్నెండో పయస్, ఈ కొత్త శాస్త్రం సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్నట్టు ప్రసంగిస్తే లెమైటర్‌కు అది నచ్చలేదు. తన సిద్ధాంతం మత ప్రశ్నల జోలికి పోదన్నది ఆయన పట్టు. ఉదయం పూజ చేసిన మనిషే తన సమీకరణాలతో దేవుణ్ణి రుజువు చేయనన్నాడు. దాన్నిబట్టే, అవే సమీకరణాలతో దేవుడు లేడని రుజువు చేయడమూ కుదరదు. మానవ జీనోమ్ ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ విశ్వాసి. పరిణామాన్ని ఒప్పుకుంటూనే ప్రార్థన చేస్తాడు. ఇందులో నటనేమీ లేదు.

నాన్నగారితో వాదనకు దిగకు. దానికి బదులు క్షయ గురించి మాట్లాడు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ రోగుల కోసం ఆసుపత్రి తెరిచాయి. క్రీస్తు ప్రేమతో కట్టిన ఆసుపత్రి అది. ఆ జబ్బుకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఎందుకిస్తారో ఆయనకు చెప్పు. కోట్ల క్రిముల్లో కొన్నింటికి ఏదో ఒక మందును తట్టుకునే మార్పు ముందే వచ్చి ఉంటుంది. ఒక్క మందే ఇస్తే మిగతావన్నీ చచ్చి, అవి మాత్రం బతికి పెరుగుతాయి. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడిన తొలిరోజుల్లో సరిగ్గా ఇదే జరిగింది. పరిణామమంటే ఇదే నాన్నా అని చెప్పు. రోగిని బతికించాలంటే దీన్ని ఒప్పుకోక తప్పదు. మనిషిని ప్రేమించమన్న దేవుడు ఈ జ్ఞానాన్ని చూసి కోపగించుకుంటాడా?

అయితే అన్ని చిక్కులూ విడిపోయాయని నేను నీకు చెప్పను. మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందు నుంచే శిలాజాల్లో మరణం ఉంది. మరణం పాపం ద్వారా వచ్చిందని రోమా పత్రికలో పౌలు రాశాడు. ఆయన మాట్లాడింది దేవుడికి దూరమయ్యే మరణం గురించి అని కొందరు వేదాంతులు అంటారు. ఆదాము అంటే మానవజాతి మొత్తానికి ప్రతినిధి అని మరికొందరు అంటారు. అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. జవాబు దొరకని ప్రశ్నతోనూ దేవుడి ముందు మోకరించవచ్చు. యోబు చేసింది అదే.

ఇప్పుడు చేయవలసినవి చెబుతాను. ముందు ఆ బాబు దగ్గరికి వెళ్లు. డైనోసార్లు మనుషులకంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందు బతికి పోయాయని, వాటినీ దేవుడే కలిగించాడని, బైబిల్ వాటి కథ చెప్పడానికి రాసింది కాదని చెప్పు. ఈ మాట ముందుగా నాన్నగారికి చెప్పి వెళ్లు, సంఘంలో ఆయన తల దించుకునే పరిస్థితి తేవద్దు. ఆయన ఒప్పుకోకపోతే సృష్టి పాఠం వేరేవాళ్లకు ఇవ్వమని మర్యాదగా అడుగు. నమ్మని మాటను మాత్రం పిల్లలకు నేర్పకు.

సంఘ కాపరులకు కూడా ఒక మనవి. ఆరు వేల ఏళ్ల లెక్కను సిలువతో సమానంగా నిలబెట్టకండి. కాలేజీలో ఆ లెక్క తప్పని తెలిసిన రోజున పిల్లలు సిలువను కూడా దానితో పాటే వదిలేస్తారు. మీ సంఘంలో బైపీసీ చదివే పిల్ల ప్రశ్న అడిగితే దాన్ని అవిశ్వాసం అనకండి. కూర్చోబెట్టుకుని వినండి.